చెన్నై జరిగిన దూరం

పెరంబూరు, చెన్నై
2025 ఫిబ్రవరి 3

తమ్ముడు గిరికి అక్క అమ్మణి రాసేది.

క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాననుకో. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. పోయిన వారం ఫోను చేస్తే ఏమైందో నీకు తెలుసు. మీ బావ నా చేతిలోంచి లాక్కున్నాడు. నువ్వు "బావా, ఒక్క నిమిషం విను" అని పదకొండు సార్లు అన్నావు. ఆయన ఒక్కసారీ వినలేదు. ఉత్తరానికైతే మధ్యలో అడ్డుపడటం కుదరదు. పైగా కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు చేసిన మనిషి. నోటిమాట ఆయన చెవికెక్కదు, కింద సంతకం కావాలి.

సంగతి మొదటి నుంచి చెబుతాను. మా పెరటికి పడమటి పక్క పరంధామయ్య అన్న ఇల్లు. రెండు పెరళ్ళ మధ్య ఉన్న గోడ 2015 వరదల్లో కూలిపోయింది. పదేళ్ళుగా అక్కడ విరిగిన ఇటుకలు, పిచ్చి తుమ్మ, వాటి మధ్య ఎక్కడో సరిహద్దు రాయి. ఇప్పుడు అన్న మళ్ళీ గోడ కట్టుకుంటానన్నాడు. మేస్త్రీ మారిముత్తు చెత్తంతా తీయించి, రాయిని ఆనవాలుగా పెట్టుకుని దారం కట్టాడు. అంతవరకు అందరూ బాగున్నారు.

అప్పుడు మీ బావకు నీ కాగితం గుర్తొచ్చింది. 2004 ఎండాకాలంలో నువ్వు రీసెర్చి చేస్తూ ఒక జీపీఎస్ పెట్టె తెచ్చి, ఆ రాయి మీద మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, రెండు రోజులు గొడుగేసుకుని కాపలా కాశావే, ఆ కాగితం. అక్షాంశం, రేఖాంశం, చుక్క తర్వాత తొమ్మిదేసి అంకెలు. "మీ రాయి ఎక్కడుందో ఇప్పుడు ఉపగ్రహాలకు కూడా తెలుసు బావా" అని సంతకం పెట్టి ఇచ్చావు. ఆయన దాన్ని ఇంటి పత్రాలతో పాటు దాచాడు. మొన్న బయటికి తీసి, అంతోని అని ఒక ప్రైవేటు సర్వేయరును పిలిచాడు. అంతోని ఆ అంకెలు తన పరికరంలో కొట్టి, అది చూపించిన చోట మేకు దిగ్గొట్టాడు. మేకు రాయి దగ్గర పడలేదు. రాయి కంటే రెండడుగుల పది అంగుళాలు పడమటికి, అంటే అన్న పెరట్లో పడింది.

ఇక చూసుకో.

"పదేళ్ళు గోడ లేదు గదా! తుమ్మచెట్ల చాటున రాయి పెరికి మన పక్కకి నాటినాడు" అని మీ బావ.

"ఏమప్పా కోదండా, నలభై ఏళ్ళ స్నేహితం. రాయి దొంగనా నేను?" అని అన్న, మీ బావతో.

అక్కడితో ఆగినా బాగుండేది. అన్న ఇంట్లో తెలుగు పేపరు వస్తుంది. సునామీకి ఇరవై ఏళ్ళని డిసెంబరులో నువ్వు వ్యాసం రాశావు గదా, "చెన్నై జరిగింది!" అని హెడ్డింగు పెట్టి. ఆయన లోపలికి పోయి అది వెతికి తెచ్చి, మారిముత్తు కట్టిన దారానికి బట్టల క్లిప్పుతో తగిలించాడు.

"చదువుకో. మీ బామ్మర్ది రాసిందే. భూకంపానికి చెన్నయ్యే జరిగిపోయిందంట. రోజే చిన్నదయిపోయిందంట. రాయి జరగదా? పోయి సుమత్రా మీద కేసు పెట్టు, నా మీద కాదు."

కాబట్టి నువ్వు నాకు ఒక్క ముక్క రాసి పంపు. భూకంపం వల్ల మా పెరట్లో రాయి రెండడుగుల పది అంగుళాలు జరుగుతుందా, జరగదా? రెండిట్లో ఏదో ఒకటి. వ్యాసం వద్దు.

అక్క

*

హైదరాబాదు
2025 ఫిబ్రవరి 9

అక్కకు,

ముందుగా, ఆ హెడ్డింగు నేను పెట్టింది కాదు. నేను పెట్టింది "సుమత్రా భూకంపం: భూమి మీద మిగిలిన గుర్తులు". డెస్కులో ఎవరో మార్చారు. ఆశ్చర్యార్థకం కూడా వాళ్ళదే. పెళ్ళి జరిగింది, ప్రమాదం జరిగింది అన్నట్టు చెన్నై జరిగింది అని వేశారు. ఫోను చేసి అడిగితే "సార్, రెండర్థాలూ వస్తాయి, బాగుంటుంది" అన్నారు. ఆ రెండర్థాలూ ఇప్పుడు మీ పెరట్లో కొట్టుకుంటున్నాయి.

వ్యాసం వద్దన్నావు. కానీ అందులో ఉన్నది ఇద్దరూ సరిగా చదవలేదు కాబట్టి కొంత మళ్ళీ రాయక తప్పదు.

2004 డిసెంబరు 26 భూకంపం తీవ్రత 9.1. సముద్రం అడుగున పన్నెండు వందల కిలోమీటర్లకు పైగా పగులు సాగింది. అంటే చెన్నై నుంచి నాగపూరు దాటేంత. ఆ పగులు వెంట భూమి పైపొరలోని ఒక పలక ఇంకొక పలక కిందికి కొన్నిచోట్ల పదిహేను మీటర్ల దాకా జారింది. సముద్రపు నేల కొన్ని మీటర్లు పైకి లేచింది. దాని మీద ఉన్న నీళ్ళు కూడా లేచాయి. అదే సునామీ. బరువు కొంత భూమి నడుము దగ్గరి నుంచి లోపలికి సర్దుకుంది కాబట్టి భూమి కాస్త వేగంగా తిరుగుతోందని, రోజు 2.68 మైక్రోసెకన్లు తగ్గిందని లెక్క కట్టారు. ఒక మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు. అది కూడా లెక్కే, గడియారంతో కొలిచింది కాదు. గాలులు, సముద్ర ప్రవాహాలు రోజు నిడివిని అంతకంటే ఎక్కువే మారుస్తుంటాయి. భూమి బరువుకు మధ్యరేఖ అనుకునే గీత రెండున్నర సెంటీమీటర్లు జరిగిందన్నదీ లెక్కే. 2011లో జపాను భూకంపానికి అదే గీత పదిహేడు సెంటీమీటర్లు జరిగిందన్నారు. ఏ పంచాంగమూ మార్చాల్సిన పని పడలేదు.

భూకంపం దగ్గరున్న చోట్ల నేల మీటర్ల లెక్కన జరుగుతుంది. 2010లో చిలీలో ఒక ఊరు ఊరంతా మూడు మీటర్లు పడమటికి జరిగింది. చెన్నై అంత దగ్గర లేదు. ఆ రోజు చెన్నై తూర్పుకు జరిగింది సుమారు ఒక సెంటీమీటరు. నీ చిటికెన వేలి వెడల్పు.

నువ్వు అడిగినది అడిగినట్టు రాస్తున్నాను, చింపి బావకు ఇచ్చెయ్యి:

సుమత్రా భూకంపం వల్ల పెరంబూరులోని సరిహద్దు రాయి రెండడుగుల పది అంగుళాలు జరగడం అసాధ్యం. జరిగితే అది ఒక సెంటీమీటరుకు మించదు. – గిరి.

పరంధామయ్యగారికి కూడా చెప్పు, భూకంపాన్ని గోడకు కాపలా పెట్టుకోవద్దని. ఇంతకు మించి నన్ను ఇందులోకి లాగకు. నాకు ఈ నెలలో రెండు రిపోర్టులున్నాయి.

గిరి

*

పెరంబూరు
2025 ఫిబ్రవరి 20

గిరికి,

నీ చీటీని మీ బావ పురసవాక్కం పోయి ముప్పై కాపీలు జిరాక్సు తీయించాడు. పెరంబూరులో జిరాక్సు షాపులు లేవా అంటే ఆడ నలుపు బాగా పడతాదట. వీధిలో ఇంటికొకటి ఇచ్చాడు. ఒకటి పోలీసు స్టేషనులో ఇచ్చిన అర్జీకి జతచేశాడు. తెలుగులో ఉంది, వాళ్ళకేం తెలుస్తుందయ్యా అంటే, "అసాధ్యం అని ఉంది గదా, అరవంలో కూడా అసాధ్యం అసాధ్యమే" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన అన్న వాకిట్లోకే పోయి కాపీ ఇచ్చాడు. నేను వెనకాలే పోయాను, చెయ్యి చేసుకుంటారేమోనని.

"ఇందా. మా సైంటిస్టు రాసినాడు. ఒక్క సెంటీమీటరు. మిగతాది ఏడికి పోయింది?"

అన్న అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. పాతికేళ్ళు వర్క్‌షాపులో ఫిట్టరుగా మిల్లీమీటర్లు కొలిచిన మనిషి, అంకెలంటే గౌరవం.

"గిరి అబద్ధం రాయడు" అన్నాడు. "అయితే నేను దొంగనే. సెరి. నీకెంత కావాల?"

"నాకెంత కావాలని కాదప్పా, నాది నాకు కావాల."

"రెండడుగుల పది అంగుళాలు గదా? తీస్కో. ఆడ నా బాత్రూము, నీళ్ళ తొట్టి ఉండాయి. పగలగొట్టి ఇస్తా. స్నానం వీధి కొళాయి కాడ చేస్తాలే. నువ్వు జాగా కొలుచుకోని సంతోషంగా ఉండు."

మీ బావ తిరిగి వచ్చేశాడు. గెలిచినవాడి ముఖం కాదు అది. అయినా వెనక్కి తగ్గితే కదా!

గిరి, నువ్వు లెక్కలవాడివి, నాకొకటి చెప్పు. భూకంపం చేసింది ఒక్క సెంటీమీటరన్నావు. సరే. మిగతా ఎనభై అయిదు ఎక్కడిది? అది నువ్వు రాయలేదు. రాయనందువల్ల వీధిలో అందరూ ఖాళీని అన్న పేరుతో పూరించుకున్నారు.

ఇంకోటి. పోయిన ఉత్తరంలో రాయడం మరిచాను. అంతోని కొట్టిన మేకు పడమటికి మాత్రమే కాదు, దక్షిణానికి కూడా పడింది, రెండడుగుల నాలుగు అంగుళాలు. అంటే ఆ లెక్కన రాయిని ఎవరో తూర్పుకూ ఉత్తరానికీ, రెండు పక్కలకూ జరిపారన్నమాట. జాగా దొంగిలించేవాడు తూర్పుకు జరుపుతాడు. ఉత్తరానికి జరిపితే గోడ వెంబడే కదా పోయేది, వాడికేం లాభం? ఇదే మీ బావను అడిగాను.

"ఈశాన్యం పెంచుకున్నాడే! వాస్తు! నీకు తెలీదు" అన్నాడు.

ఇంట్లో వంట చేస్తున్నాను, అంతే. ఎవరి ఈశాన్యం ఎటు పెరిగినా నాకు పట్టదు. వరదకు ముందు మా వంటింటి గోడకూ వాళ్ళ గోడకూ మధ్య బట్టలు ఆరేసే ఇనప పైపు ఉండేది గుర్తుందా, అన్నే కోసి అమర్చినది? గోడ కూలాక దాన్ని మేడ మీద పడేశాం, అప్పటి నుంచి తడిబట్టలూ మేడ మీదికే మోస్తున్నాను. గోడ లేస్తే పైపు మళ్ళీ పెట్టించుకుందామనుకున్నాను. నా ఆశ అది.

అక్క

*

హైదరాబాదు
2025 మార్చి 1

అక్కా,

రాయి మేకుకు సరిగ్గా ఈశాన్యంగా ఉందా? తూర్పుకు ఎనభై ఆరు సెంటీమీటర్లు, ఉత్తరానికి డెబ్బై ఒకటి, డెబ్బై రెండు?

బావను అడక్కుండా ఆ కాగితం తీసి చూడు. దాని మీద తేదీ ఉందా? అంకెల పక్కన గానీ కింద గానీ ఏదైనా సంవత్సరం రాసి ఉందా? ఉన్నది ఉన్నట్టు రాయి. ఫోటో తీసి పంపినా సరే.

పెద్ద విషయమేమీ కాదు. చిన్న అనుమానం. అంతవరకు ఏదీ పగలగొట్టకుండా చూడు.

గిరి

*

పెరంబూరు
2025 మార్చి 8

గిరికి,

పదో తరగతిలో ఇంగ్లీషు పరీక్ష రాసి వచ్చి "చిన్న అనుమానం" అన్నావు. ముప్పై నాలుగు మార్కులొచ్చాయి. నీ చిన్న అనుమానాలు నాకు తెలుసు.

ఫోటో తీస్తే నా ఫోనులో పడుతుంది, నా ఫోను మీ బావ చూస్తాడు. అందుకే రాస్తున్నాను. ఆయన గుడికి పోయినప్పుడు బీరువా తీశాను. కాగితం మీద తేదీ లేదు. సంవత్సరం లేదు. రెండు వరసల అంకెలు, మూలలో కాఫీ గ్లాసు మరక, కింద నీ సంతకం. సంతకం మాత్రం బ్రహ్మాండంగా ఉంది, కింద రెండు గీతలు కూడా.

పగలగొట్టకుండా చూడమన్నావు. ఎట్లా చూడను? అన్న మాట మీద నిలబడే మనిషి. ఈ నెల 21, శుక్రవారం, బాత్రూము గోడ కూల్చమని మారిముత్తుకు చెప్పేశాడు. కూల్చాల్సిన చోట సున్నంతో గీత కూడా గీశాడు. నిన్న నేను దాకతో రసం తీసుకుపోతే తలుపు దగ్గరే తీసుకున్నాడు. "చెల్లెమ్మా, నువ్వు రావద్దు. నీ మీద కోపం లేదు. మీ ఇంటి గిన్నె మా ఇంట్లో ఉంటే అది కూడా జరిపినా అంటారు" అన్నాడు. రసం ఇంకో గిన్నెలో పోసుకుని, దాక అక్కడికక్కడే కడిగి ఇచ్చేశాడు.

నీకు తెలిసినది ఏదో ఉంది. ఉంటే శుక్రవారంలోగా చెప్పు.

అక్క

*

హైదరాబాదు
2025 మార్చి 17

అక్కా,

నిన్న, ఇవాళ కలిపి బావకు నాలుగుసార్లు ఫోను చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి "ఏదైనా ఉంటే రాసివ్వు" అని పెట్టేశాడు. నీకు చేస్తే నీ ఫోను కూడా ఆయనే ఎత్తి అదే మాట అన్నాడు. రాస్తున్నాను. స్పీడ్ పోస్టు. బుధవారానికి అందాలి.

రాయి కదల్లేదు. పరంధామయ్యగారు ఏమీ చేయలేదు. తప్పు నాది.

భూకంపం ఒక్క రోజులో చేసే పని అందరికీ కనిపిస్తుంది. అది లేని రోజుల్లో కూడా నేల ఊరికే ఉండదు. మన దేశం కింద ఉన్న పలక మొత్తం ఏటా అయిదు సెంటీమీటర్ల పైచిలుకు ఈశాన్యానికి నడుస్తుంది. హిమాలయాలు లేచింది ఆ నడకతోనే. చెన్నై లెక్క తీస్తే ఏటా తూర్పుకు నాలుగు సెంటీమీటర్ల పైన కొంచెం, ఉత్తరానికి మూడున్నర. నేను ఆ రాయిని కొలిచింది 2004 మేలో. అంతోని కొలిచింది ఈ జనవరిలో. ఇరవై ఏళ్ళ ఎనిమిది నెలలు. తూర్పుకు ఎనభై అయిదు, ఉత్తరానికి డెబ్బై రెండు. ఆ ఎనభై అయిదుకు భూకంపం రోజు జరిగిన ఒకటి కలుపు. ఎనభై ఆరు. బావకు తక్కువైన రెండడుగుల పది అంగుళాలు అదే.

రాయి జరిగింది. దానితో పాటు మీ ఇల్లు, ఆయన ఇల్లు, కోచ్ ఫ్యాక్టరీ, వ్యాసర్పాడి యార్డు అన్నీ అంతే దూరం జరిగాయి. బావకు ఇలా చెప్పు: రైలు పెట్టెలో ఎదురెదురు సీట్లలో ఇద్దరు కూర్చున్నారు. బండి అరక్కోణం చేరింది. ఇద్దరి మధ్య దూరం పెరిగిందా? అంతోని పరికరం చేసిందేమిటంటే, బండి పెరంబూరులో ఉన్నప్పుడు ఆ సీటు ఎక్కడుందో అక్కడ, ఖాళీ పట్టాల మీద మేకు కొట్టింది. అది చెప్పింది అబద్ధం కాదు. మేకు ఉన్నచోటే 2004లో మీ రాయి ఉండేది.

అందుకే ఇలాంటి అంకెలు రాసేటప్పుడు పక్కన తేదీ వెయ్యాలి. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే. తేదీ ఉంటే అంతోని సరిచేసుకునేవాడు. నేను వెయ్యలేదు. ఇరవై ఆరేళ్ళ వయసు. సంతకం కింద గీతల మీద ఉన్న శ్రద్ధ తేదీ మీద లేదు.

ఇది కూడా రాయాలి. నువ్వు ఎనభై అయిదు ఎక్కడిదని అడిగేదాకా నాకు ఈ ఆలోచన రాలేదు. నన్ను భూకంపం గురించి అడిగారు, భూకంపం గురించి జవాబిచ్చాను. అడిగినదానికి సరైన జవాబే. దాన్ని పట్టుకునే మీరు ఒక మనిషిని దొంగను చేశారు. "మీరు" అనడం కూడా తప్పే. నేనే చేశాను. నీ ఉత్తరం చదివిన రోజే అర్థమైంది. అయినా ముందు కాగితం చూద్దామని "చిన్న అనుమానం" అని రాశాను. మూడు వారాలు పోయాయి.

ఇందులో పరంధామయ్యగారికి వేరే ఉత్తరం పెట్టాను, క్షమించమని. తేదీ వేసి.

గిరి

*

పెరంబూరు
2025 మే 12

గిరికి,

నీ స్పీడ్ పోస్టు శనివారం వచ్చింది. మార్చి 22వ తేదీ. ఎక్కడెక్కడ తిరిగిందో పోస్టుమాన్ కూడా చెప్పలేకపోయాడు. నీ పలకలే దానికంటే వేగంగా నడుస్తాయి.

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. ఇప్పుడు కూడా పోలేదు గానీ జరిగింది చెప్పాలి కదా.

శుక్రవారం పొద్దున ఏడింటికే మారిముత్తు సుత్తి తెచ్చాడు. అన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తన బాత్రూము కూలుస్తుంటే చూడ్డానికి. మీ బావ ఇటు పక్క చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను మేడెక్కి ఆ ఇనప పైపు దించాను. బరువు. ఇద్దరు మొగవాళ్ళూ చూస్తూనే ఉన్నారు. "మారిముత్తూ, సుత్తి కింద పెట్టి ఈ కొస పట్టుకో" అన్నాను.

ఒక కొస మా వంటింటి గోడకు ఆనించాను. రెండో కొస మారిముత్తు చేతిలో. పాతిక ముప్పై ఏళ్ళ కిందట అన్న ఆ పైపును గోడకూ గోడకూ మధ్య సరిగ్గా ఇమిడేట్టు కోశాడు. వెంట్రుక తేడా లేకుండా కోశానని అప్పట్లో వీధంతా చెప్పుకున్నాడు. మారిముత్తు దించాడు. పైపు కొస దారాన్ని ముట్టుకుని ఆగింది. దారం కదల్లేదు కూడా.

తర్వాత మీ బావ, "పదేళ్ళ వానకి ఇనుము తరుగుతాది గదా" అన్నాడు.

"వానకి పైపు రెండడుగుల పది అంగుళాలు తరిగితే మనం చేసిన రైళ్ళన్నీ అరక్కోణం చేరేసరికి సగమయి ఉండాలప్పా" అన్నాడు అన్న. నవ్వకుండా అన్నాడు. లేచి కుర్చీ తీసుకుని లోపలికి పోయాడు.

నువ్వు అడుగుతావు, పైపు మేడ మీదే ఉండగా ఫిబ్రవరిలోనే ఎందుకు కొలవలేదని. నాకు ఆ ఆలోచన మొదటి రోజే వచ్చింది. భయమేసింది. పైపు దారం దాటిపోతే అన్న దొంగ. సరిపోతే నా మొగుడు తెలివితక్కువవాడు. రెండిట్లో ఏది కావాలని పోయి కొలవను? ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. నీ మూడు వారాలు నీవి, నా ఏడు వారాలు నావి. లెక్కకు లెక్క.

మరునాడు నీ ఉత్తరం వచ్చాక మీ బావ దాన్ని నాలుగుసార్లు చదివాడు. సోమవారం పోయి అర్జీ వాపసు తీసుకున్నాడు. అన్న ఇంటికి మాత్రం పోలేదు. "ఏమని పోయేది?" అంటాడు. నీ క్షమాపణ ఉత్తరం నేనే ఇచ్చి వచ్చాను. అన్న చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "గిరికి చెప్పు, భూకంపం వాటా ఒక సెంటీమీటరు నాకొద్దని" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

గోడ లేచాక అర్థమైంది. దారాన్ని ఒక సెంటీమీటరు తన వైపుకు జరిపి కట్టించాడు. మారిముత్తు వద్దంటున్నా వినలేదట. ఇప్పుడు పైపు పెడితే ఒక సెంటీమీటరు పొట్టి. గాలి వీచినప్పుడల్లా టకటక కొట్టుకుంటుంది. తడి చీర వేస్తే జారిపోతుంది. నీ చిటికెన వేలి వెడల్పు, నా నెత్తిన కూర్చుంది.

మీ బావ ఏం చేశాడో తెలుసా? నీ చీటీ జిరాక్సులు పదకొండు మిగిలాయి. వాటిని మడతల మీద మడతలు పెట్టి ఆ సందులో దోపాడు. పైపు నిలబడింది. అటు నుంచి చూస్తే "అసాధ్యం" అన్న ముక్క బయటికి కనిపిస్తుంది. మూడు వారాలు బాగానే ఉంది. ఇవాళ పొద్దున అకాల వాన పడి కాగితాలు నాని ముద్దయిపోయాయి, దుప్పటి బురదలో పడింది. నేను తిడుతూ తీస్తుంటే గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. రెండు నెలలు కావస్తోంది ఆ గొంతు ఇటు తిరిగి.

"కోదండా! పేపరు మడిచి పెడితే ప్యాకింగు అవుతాదా? ముప్పై ఆరేళ్ళు ఏం చేసినావు ఫ్యాక్టరీలో? నా కాడ రబ్బరు వాషరు ఉండాది. సెంటీమీటరుకి కోసి పెట్టినా. వచ్చి తీస్కో."

మీ బావ నిలుచున్నచోటే నిలుచుని, "ఆ పక్క నించి అందించకూడదా?" అన్నాడు.

"నువ్వే రా. వాకిలి ఏడుందో తెలీదంటే మీ బామ్మర్దిని కొలిచి రాసివ్వమను."

అప్పుడు చెప్పులేసుకున్నాడు. ఇప్పటికి అరగంటయింది. గడప దగ్గరే ఉన్నాడు, చెప్పులతో. చొక్కా మార్చుకున్నాడు. మళ్ళీ పాతదే వేసుకున్నాడు. నేను ఈ ఉత్తరం రాస్తున్నట్టు చూసి, "పోవచ్చునా అని వాడిని కూడా ఒక మాట అడుగు" అంటున్నాడు.

కాబట్టి వెంటనే రాసి పంపు. ఫోను వద్దు. పోవచ్చునని ఒక్క ముక్క చాలు. సంతకం కింద గీతలు అక్కర్లేదు. తేదీ వెయ్యి.

అక్క